బరువంత బెల్లం

నేను దేవుణ్ణి నమ్మను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, సేత్తూరు బస్సు ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను చూపించి, "అమ్మోరి త్రాసులో కూచున్న నల్లచొక్కా సారు ఈయనే" అని పక్కవాళ్ళకి చెప్తూనే ఉన్నారు. ఆ చెప్పడంలో భక్తీ ఉండదు, ఎగతాళీ ఉండదు. ఊళ్ళోకి సర్కస్ వచ్చిపోయిన సంగతి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. నేను రిటైరయ్యాను, ఇక కొత్తగా పోయే పరువేమీ లేదు. లావుగా ఉన్న పిల్లల కోసం బడుల్లో, ఆసుపత్రుల్లో కార్యక్రమాలు నడుపుతున్న చిన్నవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని, ఆ త్రాసులోకి నేను ఎలా ఎక్కానో రాస్తున్నాను.

రాజపాళయంలో ఒక బడిలో పి.టి. మాస్టరుగా చేరాను. అక్కడే తల నెరిసింది, అక్కడే దిగిపోయాను. విజిల్ ఊదడం నా వృత్తి, వాదించడం నా వ్యసనం. మా నాయన నూలు మిల్లులో షిఫ్టు దిగి, స్నానం చేసి, హేతువాదుల నల్లచొక్కా తొడుక్కుని వీధి మూల సభల్లో మాట్లాడేవాడు. జాతకం, శకునం, తాయెత్తు, దేన్నీ వదిలేవాడు కాదు. ఆ సభల ముందు వరసలో చెక్కిలాలు నములుతూ కూర్చుని నేను మాటలు నేర్చాను. తర్వాత మైకు నా చేతికి వచ్చింది. తులాభారం మీద నా ప్రసంగం ఒకటి మా చుట్టుపక్కల బాగా పేరుపడింది. "మనిషిని తూచి సరుకు పుచ్చుకునే దేవుడికీ, పత్తి కొనే ఏజెంటుకీ తేడా ఏమిటి? ఏజెంటు కనీసం రసీదు ఇస్తాడు" అనేవాణ్ణి. ఆ రసీదు దగ్గర తప్పకుండా చప్పట్లు పడేవి.

బడిలో డిబేట్ క్లబ్బు కూడా నాదే. ఎదుటివాడు ఏ మాట మీద నిలబడి ఉన్నాడో కనిపెట్టి ఆ మాటనే కింద నుంచి లాగెయ్యాలని పిల్లలకి నేర్పేవాణ్ణి. బాగా నేర్పాను. అదే నా కొంప ముంచింది.

ఉద్యోగం చివరి దశలో ఒక డాక్టరమ్మ మా బడికి వచ్చింది. షుగర్ డాక్టర్. తన దగ్గరికి వచ్చే రోగుల్లో మీసం మొలవనివాళ్ళు ఎక్కువవుతున్నారని చెప్పింది. మా పిల్లాడు ఒకణ్ణి పిలిచి, మెడ వెనక నల్లగా మందంగా పట్టిన చర్మం నాకు చూపించింది. "వీళ్ళ అమ్మ దీన్ని మురికి అనుకుని పీచుతో రుద్దుతోంది సార్. ఇది రుద్దితే పోయేది కాదు. లోపల ఇన్సులిన్ పడుతున్న అవస్థ ఇది" అంది. ఆ మాటతో నేను ఆమె పక్షం చేరిపోయాను. పీచుతో రుద్దే నమ్మకాల మీదే కదా నా యుద్ధమంతా.

శనివారం సాయంత్రాలు బడి హాల్లో కార్యక్రమం మొదలైంది. డాక్టరమ్మ పరీక్షలు చూసేది. మదురై నుంచి వచ్చే చిన్న వయసు డైట్ మేడం తిండి సంగతులు చెప్పేది. ఆటలు, నడక, తూకం నావి. నా పొట్ట గురించి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. కానీ మెడలో విజిల్ తాడు తిన్నగా కిందికి దిగక, పొట్ట మీద ఆనుకుని ముందుకు చూస్తూ ఉండేది. అది అందరికీ కనిపించేదే.

మా ఊళ్ళో ఇంటిల్లిపాదీ షిఫ్టుల్లో ఉంటారు. అమ్మ నూలు మిల్లులో, నాన్న బ్యాండేజి గుడ్డ నేసే చోట. పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగదు. పొట్లం కట్టిన పరోటా, ప్లాస్టిక్ సంచిలో సాల్నా అనే పల్చటి మసాలా పులుసు, అదే రాత్రి భోజనం. డైట్ మేడం మొదటి వారం తెచ్చిన కాగితంలో ఓట్స్, బ్రోకలీ ఉన్నాయి. ఒక తల్లి ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "మేడం, ఈ పచ్చ పువ్వు ఏ సంతలో దొరుకుతాది?" అని అడిగింది. మేడం కాగితాలన్నీ మడిచి సంచిలో పెట్టేసింది. తర్వాతి వారం మునగాకు, సొరకాయ, కేప్ప కూళు అని మాట్లాడింది. రాగి గంజిని మా ఇళ్ళలో అలాగే అంటారు. తెలివైన పిల్ల.

ఇక తూకం. "సార్, పిల్లలు సిగ్గుపడతారు, పక్క గదిలో తూద్దామా?" అని డాక్టరమ్మ మొదటి రోజే అడిగింది. నేను వీధిసభ గొంతు తీశాను. "జ్వరం ఎంతుందో చెప్పడానికి సిగ్గుపడతామా డాక్టరమ్మా? పరీక్ష మార్కులు బోర్డు మీద అంటించమా? బరువు ఒక సంఖ్య. నిజానికి సిగ్గేమిటి? దాచిన చోటే మూఢత్వం పెరుగుతుంది." ఆమె గడియారం చూసి "సరే సార్" అంది. వాదనలో గెలిచాననుకున్నాను. ఆమెకి క్లినిక్‌లో రోగులు ఎదురుచూస్తున్నారని తర్వాత తెలిసింది.

అలా హాలు గోడ మీద ఒక పెద్ద చార్టు వెలిసింది. అందులో పిల్లల పేర్లు, వాటి పక్కన బరువు. తగ్గితే పచ్చ బాణం, పెరిగితే ఎర్ర బాణం. నేను మైదానం అవతలికి వినిపించే గొంతుతో సంఖ్య చదివేవాణ్ణి. మగపిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. బెల్టు విప్పేవాడు, జేబులో ఫోను తీసి స్నేహితుడికిచ్చేవాడు, ఒంటికాలి మీద నిలబడితే సగం పడుతుందని ప్రయోగం చేసేవాడు. ఆ చివరివాడికి నేను అక్కడికక్కడే భౌతికశాస్త్రం క్లాసు తీసుకున్నాను. ఆడపిల్లలు మాత్రం ఏ ఆటా ఆడలేదు. తల దించుకుని ఎక్కి, తల దించుకుని దిగేవాళ్ళు. దాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

వాళ్ళలో ఒక పిల్ల మా డిబేట్ క్లబ్బులో ముందు వరస. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదువుతోంది. మాట పదును, వినేవాణ్ణి కూడా తెలివైనవాణ్ణి చేసే రకం. అందరికీ ఒక వారం కాకపోతే ఒక వారం పచ్చ బాణం పడుతుంటే, ఈ పిల్లకి వరసగా ఎర్ర బాణాలే. డాక్టరమ్మ థైరాయిడ్ చూసింది, బాగానే ఉంది. షుగర్ మాత్రం గీత మీద నిలబడి ఉంది. "ఇలాగే పోతే గీత దాటేస్తుంది సార్. ఇంట్లో ఏం జరుగుతోందో ఒకసారి చూసి రండి" అంది.

పోయాను. తల్లీతండ్రీ పనిలో ఉన్నారు. సేత్తూరులో పొలం పనులు చేసి చేసి ఇప్పుడు కొడుకింటికి చేరిన అవ్వ ఒక్కతే ఉంది. నన్ను కూర్చోబెట్టి, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా ఆకులో పెట్టింది. అదే ఆకులాంటిది ఇంకోటి, నాదానికంటే పెద్దది, మనవరాలి కోసం మూత పెట్టి ఉంది.

"అవ్వా, పాపకి ఇవన్నీ వద్దని కాగితంలో రాసిచ్చినాం కదా."

"ఆమా సారు, చదివించుకున్న్యాను. పండగ అయినంక అట్లనే చేస్తాను."

"ఏ పండగ?"

"మా ఊరి అమ్మోరి పండగ. పాపకి తులాభారం ఉండాది. అంతవరకు తగ్గనియ్యకూడదు."

సంగతి ఇది. ఈ పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. బతకదన్నారు. అవ్వ సేత్తూరు అమ్మవారికి మొక్కుకుంది, బిడ్డ బతికి పెద్దదైతే బిడ్డ బరువంత బెల్లం ఇస్తానని. బిడ్డ బతికింది. మొక్కు ఇవాళ రేపని వాయిదా పడుతూ వచ్చింది. తాత పోయిన ఏడు మైల అన్నారు, తర్వాత కరోనా, తర్వాత తల్లికి సెలవు దొరకలేదు. ఈసారి తప్పదు. ఇప్పుడు మేమొచ్చి బిడ్డ బరువు తగ్గిస్తామంటే, అవ్వ దృష్టిలో అది అమ్మవారికి ఒప్పుకున్న సొత్తులోంచి కోసుకోవడం.

నాకు ఒళ్ళు మండింది, నోరూ ఊరింది. పాలకోవాకి కాదు, వాదనకి. "అవ్వా, న్యాయంగా మాట్లాడదాం. నువ్వు మొక్కుకున్న రోజు బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. అంటే నువ్వు ఇవ్వాల్సింది రెండు కిలోల బెల్లం. ఇవాళే ఇచ్చెయ్, పీడా పోతుంది."

అవ్వ నన్ను జాలిగా చూసింది. "అమ్మోరు బతికించింది ఆ రెండు కిలోల బొమ్మనా, ఈ పిల్లనా? ఆమె బతికించబట్టి గదా ఇంత అయింది. ఇదంతా ఆమె చేసిందే. మధ్యలో మీరు వచ్చి తగ్గిస్తే, ఆమె అడగదా? ‘ఏమే ముసలిదానా, నా పిల్లలో సగం యాడ పెట్టినావు?’ అని."

ఎన్నో వేదికలు చూశాను. ఇంత గట్టి జవాబు నాకు ఏ పండితుడూ ఇవ్వలేదు. పాలకోవా తినేసి వచ్చేశాను.

డాక్టరమ్మ విని కళ్ళజోడు తీసి నవ్వింది. తర్వాత దాన్ని తుడుచుకుని, "పండగ ఇంకా రెండు నెలలుంది కదా సార్. అంతవరకు ఇలా మేపితే నాకు పని పెరుగుతుంది. తులాభారం ముందుగానే చేయించండి" అంది.

"నేనా?"

"మీకే కదా అక్కడ అందరూ తెలుసు."

"తెలుసు. ఏ విధంగా తెలుసో మీకు తెలీదు."

డైట్ మేడం కల్పించుకుంది. "సార్, మీ సిద్ధాంతం పెద్దదా, ఆ పిల్ల షుగర్ పెద్దదా?" మదురైవాళ్ళకి మెత్తగా మాట్లాడటం రాదు.

మరుసటి రోజు బైకు మీద సేత్తూరు పోయాను. గుడి పూజారి, వాళ్ళ మాటలో పూసారి, బయట అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. పొద్దున పూజ, మధ్యాహ్నం పొలం, ఆయన బతుకు అదే. నన్ను చూసి పేపరు దించాడు.

"రసీదు సారు గదా మీరు?"

ఒప్పుకున్నాను.

"మా అల్లుడు మీ ప్రసంగం ఫోనులో పెట్టుకుని నాకు వినిపిస్తాడు సారు, నన్ను ఏడిపించాలంటే. కూచోండి, టీ తాగండి. ఏమి, రసీదు కావాలనా?"

"కాదు. తులాభారం తేదీ కావాలి."

ఆయన కాసేపు నా ముఖంలోకి, తర్వాత నా పొట్ట వైపు చూశాడు. "మీకా?"

"నా స్టూడెంటుకి. పండగ దాకా ఆగడానికి లేదు. ఆరోగ్యం సంగతి."

"అమ్మోరిని తొందర పెట్టేదానికి నాస్తికుడు వచ్చినాడంటే, ఆ పని నిజంగానే తొందర అయ్యుంటాది" అని, వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం రాసుకున్నాడు. మైకు, మేళం కూడా ఉంటాయన్నాడు. మైకు ఎందుకంటే, ఎవరి పేరున ఎంత బరువు బెల్లం అమ్మవారికి చేరిందో ఊరికి చెప్పాలి కదా, అది ఆనవాయితీ అన్నాడు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. చెప్పొద్దూ, పారదర్శకంగా ఉన్నారే అని మెచ్చుకున్నాను కూడా. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఇంటికి పోయి, తేదీ, మైకు సంగతి అన్నీ చెప్పి అవ్వని ఒప్పించాను.

ఆ వచ్చిన శనివారం ఆ పిల్లకి మొదటిసారి పచ్చ బాణం పడింది. మామూలు పచ్చ బాణం కాదు, బాగా పెద్ద తగ్గుదల. నేను దాన్ని హాలంతా వినిపించేలా చదివి, చప్పట్లు కొట్టించాను. డాక్టరమ్మ కొట్టలేదు. ఆ పిల్ల పెదవులు చూస్తోంది. ఎండి ఉన్నాయి.

సంగతి నాకు కుక్క ద్వారా తెలిసింది. ఆ పిల్ల ఇంటి పక్కన ఒక రైతు దగ్గర రాజపాళయం కుక్క ఉంది. మా ఊరి పేరు మోసే ఆ తెల్ల కుక్క ఎలా ఉండాలో మీకు తెలుసు, విల్లు వంచినట్టు కడుపు లోపలికి ఉండాలి. ఆ రైతు నన్ను బజారులో ఆపి, "సారు, మీ శనివారం క్లాసులో కుక్కల్ని చేర్చుకుంటారా?" అన్నాడు.

"ఏమి సంగతి?"

"మా వాడికి నడుము కనిపించడం లేదు. డాగ్ షోకి పెట్టుకున్న్యాను. పక్కింటి పాప పొద్దున పొంగలి, సాయంత్రం ఇడ్లీ, నెయ్యితో సహా వేస్తాది. వద్దంటే, ‘తాతా, నాకు ఆకలి లేదు’ అంటాది. పావం, పిల్ల సన్నబడతాది, నా కుక్క లావెక్కుతాది. ఏమి పాఠం చెప్తా ఉండారు మీరు?"

నేను నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. మర్నాడు పి.టి. పీరియడ్‌లో ఆ పిల్ల మైదానం మధ్యలో కూలబడిపోయింది. నీళ్ళు తాగించి, నీడలో బెంచీ మీద కూర్చోబెట్టాను. డాక్టరమ్మ ఫోనులోనే మొదటిసారి నా మీద గొంతు పెంచింది. "బరువు తగ్గించడం కాదు సార్ ఇది. ఇలా తిండి మానేసే అలవాటు పడితే దాన్ని బయటికి తీయడానికి నాకు షుగర్ కంటే ఎక్కువ కష్టం. ముందు ఆ పిల్ల తినాలి. ఎలాగైనా సరే."

బెంచీ దగ్గరికి వచ్చి అడిగాను. "తినడం మానేశావా?"

"ఆమా సార్" అని తల ఊపింది.

"ఎందుకమ్మా?"

"మైకులో చెప్పే నంబరు తగ్గాల గదా. సేత్తూరు అంతా వస్తాది. మా క్లాసు పిల్లలు కూడా వస్తామన్న్యారు, వీడియో తీసేదానికి."

నాకు ఊపు వచ్చింది. "కూర్చోనని చెప్పు. మొక్కే మూఢనమ్మకం. నేను నీ వైపు నిలబడతాను, మీ అవ్వతో నేను వాదిస్తాను."

"మీరు ఏ వైపు నిలబడినా నాకు ఒకటే సార్." ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పూసారి జన్మకి ఒకసారి చెప్తాడు. మీరు వారం వారం చెప్తారు."

"అది వేరు. అది నమ్మకం, ఇది శాస్త్రం."

"శాస్త్రం అయితే గట్టిగా అరిచి చెప్పాల్నా?"

"నిజానికి సిగ్గేమిటి? బరువు ఒక సంఖ్య..."

"మీ సంఖ్య ఎంత సార్?"

నేను విజిల్ సరిచేసుకున్నాను.

"చార్టులో అందరి పేర్లూ ఉండాయి. మీది లేదు" అంది. నేను నిలబడిన మాటను ఎంత నెమ్మదిగా, ఎంత శుభ్రంగా లాగేసిందంటే, మాస్టరుగా నాకు గర్వం కూడా కలిగింది. "ఒకటి చెయ్యండి సార్. శుక్రవారం అమ్మోరి త్రాసులో మీరు ముందు కూచోండి. మీ నంబరు మైకులో చెప్పనీయండి. తర్వాత నాకు సిగ్గు గురించి చెప్పండి. అప్పుడు నేనూ కూచుంటాను. తింటాను కూడా."

వాదనలో ఓడినవాడు షరతు మీద బేరం ఆడకూడదని క్లబ్బులో నేనే రూలు పెట్టాను. "సరే" అన్నాను. తిండి ఆ రోజు నుంచే మొదలుపెట్టమని బతిమాలాను. మజ్జిగా, రెండు ముద్దలూ తింటానంది. అంతకు మించి శుక్రవారం తర్వాతే.

శుక్రవారం నల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాను. ఏ చొక్కాతో మాట్లాడానో ఆ చొక్కాతోనే కూర్చోవాలని నా పట్టుదల. గుడి ముందు దూలానికి గొలుసులతో పెద్ద త్రాసు వేలాడుతోంది. అవ్వ అచ్చు బెల్లం బస్తాలు ముందే దింపించింది, మనవరాలి బరువుకి సరిపడా, తక్కువ పడకూడదని పైన ఇంకో బస్తా. డాక్టరమ్మ, డైట్ మేడం చెట్టు కింద నిలబడ్డారు. ఊరి కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. నా గురించి వార్త ముందే చేరినట్టుంది, జనం పండగకంటే ఎక్కువే ఉన్నారు.

పూసారికి విషయం చెప్పాను. ఆయన నోట్లో తాంబూలం నమలడం ఆపేశాడు. "మీరా? సొంతంగా?"

"ఒక పందెం ఓడిపోయాను."

"అమ్మోరు ఎట్లెట్లనో పిలుస్తాది" అని మైకు అందుకున్నాడు.

త్రాసు తట్టలో కూర్చోవడం చూసేవాళ్ళకి సులభం. మోకాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీదు. నా తట్ట ఠంగుమని నేలకి తాకింది, బెల్లం తట్ట గాలిలోకి లేచింది. మనుషులు అవ్వ దింపించిన బెల్లమే వెయ్యడం మొదలుపెట్టారు. వేస్తూ పోయారు. నేను నేలని వదలలేదు. ఒక బస్తా అయింది, ఇంకో బస్తా విప్పారు.

"వాద్దియారు ఇంకా లేవలే" అని మైకులో పూసారి. మాస్టర్లని అక్కడ అలాగే పిలుస్తారు.

"వ్యాయామం సారు గదా, ఎముక బరువు" అన్నాడు ఒక కుర్రాడు. జనం నవ్వారు.

"రసీదు రాయించుకో సారూ" అని ఇంకెవడో. నా ప్రసంగం పలుకుబడి అంత దూరం పోయిందని నాకు తెలీదు.

చివరి బస్తా అడుగున మిగిలిన పొడి కూడా దులిపారు. అప్పుడు నా తట్ట సన్నగా కదిలి, జానెడు లేచి నిలబడింది. పూసారి లెక్క చూసి, మైకు దగ్గరగా పెట్టుకుని, నా ఉద్యోగమూ నా బడీ చెప్పి, "తొంభై ఏడు కిలోలు" అని, జనానికి సరిగ్గా వినిపించలేదేమోనని ఇంకోసారి చెప్పాడు.

నిజానికి సిగ్గేమిటి అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. చెవులు కాలిపోయాయి. మెడ లోపలికి పోయింది. తల దించుకుని దిగాను. దిగుతుంటే తెలిసింది, మా హాల్లో ఆడపిల్లలు దిగేది ఇలాగే.

"అడుత్తు మన పాప" అని పూసారి తర్వాతి వంతుకి పిలిచాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. మాట తప్పే పిల్ల కాదు. నా మీద ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. ఆమె రెండు చేతులూ కట్టుకుని, ఒంటిని ఎంత చిన్నది చేసుకోవచ్చో అంత చేసుకుని నడిచింది.

అవ్వ ఆ ఫోన్లని చూసింది. మనవరాలిని చూసింది. లేచి వచ్చి త్రాసుకీ పిల్లకీ మధ్యలో నిలబడింది.

"ఉండప్పా పూసారీ. బెల్లం యాడుండాది?"

"అంతా సారుకే పట్టింది అవ్వా. ఇంకా తెప్పించాల."

"ఎందుకు? నా పిల్ల బరువుకి మించి అమ్మోరికి చేరిందా లేదా?"

"చేరింది. కానీ కూచున్న్యది సారు గదా. మొక్కు పాపది."

"పాపది ఎట్లా అవుతాది? అది అప్పుడు కండ్లు తెరవలే. మొక్కు నాది, బెల్లం నాది. ఇంత బరువు ఇస్తానని చెప్పినాను. తట్టలో ఎవరు కూచుంటారని అమ్మోరు అడగలే, నేను చెప్పలే." తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగి, "ఆ ఫోన్లు దించండప్పా, చెయ్యి నొప్పి పెడతాది" అంది.

పూసారి నన్ను చూశాడు. నేను నేలని చూశాను. నాస్తికుణ్ణి త్రాసులో కూర్చోబెట్టిన రోజున ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు. "అవ్వ చెప్తే సరిదా. మొక్కు తీరింది" అని మైకులో ప్రకటించి, మేళం వాళ్ళకి సైగ చేశాడు.

మా హేతువాద సంఘంలో నన్ను పిలిచి వివరణ అడిగారు. ఓడిపోయాను, అందుకని కూర్చున్నాను అన్నాను. ఎవరి చేతిలో అన్నారు. ప్లస్ వన్ అన్నాను. తులాభారం మీద కొన్నాళ్ళు ప్రసంగించవద్దని తీర్మానించారు. ప్రసంగించినా ఎవరు వింటారు? అయినా చెప్తున్నాను, మనిషిని తూచి దేవుడికి సరుకు ఇవ్వడం ఇప్పటికీ అర్థం లేని పనే. ఆ రోజు ఆ పిల్లని కాపాడింది అమ్మవారు కాదు. అవ్వ తెలివి. ఆ ముసలమ్మ నేను చూసిన డిబేటర్లలో ఎవరికీ తీసిపోదు.

తర్వాతి శనివారం నేనే నిచ్చెన ఎక్కి చార్టు పీకేశాను. తూకం పక్క గదిలోకి పోయింది. చూసేది డాక్టరమ్మ, ఆ పిల్ల లేదా పిల్లాడు, అంతే. వద్దన్నవాళ్ళని తూచం. మేం ముగ్గురం కూడా తూగుతాం. కొందరు పిల్లలు తగ్గారు, కొందరు తగ్గలేదు, ఇద్దరు మానేశారు. ఆ పిల్ల సన్నబడిపోలేదు, అలా అవ్వాలని డాక్టరమ్మ కోరుకోనూ లేదు. వానాకాలం వచ్చేసరికి షుగర్ గీత కిందికి దిగింది. మీరు ఇలాంటి పని పెట్టుకుంటే, పిల్ల ఏ ముఖంతో త్రాసు దిగుతుందో చూడండి. మిగతావి ఏ కాగితంలోనైనా దొరుకుతాయి.

ఆ శుక్రవారం మేళం ఆగాక అవ్వ గుడి మెట్ల మీద టిఫిన్ క్యారియర్ తెరిచింది. ఇడ్లీలు, పైన కారప్పొడి, నువ్వుల నూనె ధారాళంగా. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని మొదటి ఇడ్లీ తుంచింది. నెమ్మదిగా తింది. రెండోది కాస్త తొందరగా. మూడోదానికి అవ్వ చేతిలోంచి తనే గిన్నె లాక్కుంది. డైట్ మేడం నోరు తెరవబోయింది, నూనె సంగతే అయ్యుంటుంది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పి.టి. మాస్టరుగా పిల్లల తిండికి అడ్డం పడుతూ ఉద్యోగమంతా గడిపినవాణ్ణి, అవ్వ దగ్గరికి పోయి, ఇంకొకటి వెయ్యమని చెప్పాను.